జేజి ఫోన్లోంచి బయటికొచ్చింది

చిన్నపిల్లలతో ట్రిప్ అని ఫోన్లో వెతికారనుకోండి, గోవా బీచ్ వస్తుంది, ఊటీ టాయ్ ట్రైన్ వస్తుంది, మున్నార్ టీ తోటలు వస్తాయి. హై చెయిర్ ఉన్న రెస్టారెంట్లు, లోతు తక్కువ స్విమ్మింగ్ పూల్ ఉన్న రిసార్టులు వస్తాయి. గుమ్మఘట్ట మాత్రం రాదు. ఆఫీసులో ఈ పేరు చెప్తే పక్క సీటు అమ్మాయి "అదెక్కడ, హిమాచల్లోనా?" అంది. పేరు వింటే అలాగే ఉంటుంది మరి.

అనంతపురం జిల్లా పడమటి అంచున, రాయదుర్గం దాటాక వచ్చే మండల కేంద్రం గుమ్మఘట్ట. ఇంకొంచెం పోతే కర్ణాటక. మా ఆయన వాళ్ళ జేజి, అంటే మా మామగారి అమ్మ, అక్కడే ఉంటుంది. రాయలసీమలో నాన్నమ్మని జేజి అంటారు. మా గుంటూరు వైపు పిల్లలకి జేజి అంటే దేవుడు. పెళ్ళైన కొత్తలో మా ఆయన "ఈ వారం జేజికి ఫోన్ చేయలేదు" అని బాధపడుతుంటే, ఎంత భక్తి ఈయనకి అనుకున్నాను.

జేజికి ఎనభై దాటాయి. ఎన్ని దాటాయో ఎవరికీ లెక్కలేదు. అడిగితే ఏదో ఒక కరువు చెప్పి, దాని తర్వాత ఏడు పుట్టానంటుంది. మోకాళ్ళ నొప్పులు, కారెక్కితే వాంతులు, హైదరాబాద్ రాలేదు. మాకేమో వాడు పుట్టాక ఒకరికి సెలవు దొరికితే ఇంకొకరికి రిలీజ్ ఉండేది. అలా పందొమ్మిది నెలలు గడిచిపోయాయి. మొన్న వానాకాలంలో ఆమెకి జ్వరం వచ్చి పదిరోజులు మంచం దిగలేదు. తగ్గాక ఫోన్ చేసి మా ఆయనతో ఒకటే మాటంది. "పిల్లోన్ని ఒక తూరి ఎత్తుకోవల్లప్పా. ఫోన్లో ఎత్తుకునేకి అయితాదా?"

ఆ రాత్రే ఇద్దరం సెలవు పెట్టాం. దసరా అయిన వారం, ఆరు రోజులు.

మావాడికి జేజి తెలియక కాదు. రోజూ రాత్రి అన్నం తినే టైముకి ఫోన్లో వస్తుంది. సగం నుదురు, పైన తిరుగుతున్న ఫ్యాన్, అప్పుడప్పుడు ఒక చెవి. పెద్దవాళ్ళు ఫోన్ పట్టుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. వాడు ఆ నుదురుకే ముద్దులు పెట్టేవాడు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పిన సలహా ఒకటుంది. ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దు, వీడియో కాల్ మాత్రం పర్లేదు అని. అది చదివి నేను చాలా ధైర్యం తెచ్చుకున్నాను. జేజి అనే మనిషి మావాడికి దొరికిందని, చుట్టరికం తాడు తెగలేదని. ఆ తాడు ఎంత పొడవో, ఎంత సన్నమో అక్కడికి వెళ్తేగానీ తెలీలేదు.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తాను. హైదరాబాద్ నుంచి అనంతపురం దాకా 44వ నంబర్ హైవే, దాదాపు 360 కిలోమీటర్లు. రాత్రి అనంతపురంలో అత్తామామల దగ్గర ఆగాం. అక్కణ్నుంచి కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం ఇంకో వందకి దగ్గర. వాడు నిద్రపోయే టైములో బండి నడపడం, లేచినప్పుడు ఆపడం, ఇదే మా ప్లాన్. రెండు గంటలకోసారి దింపి పరిగెత్తించాం. డైపర్ మార్చుకోవడానికి హైవే మీద మంచి చోటు ఒక్కటీ లేదు, డిక్కీయే దిక్కు. ఇద్దరిలో ఒకరు వెనక సీట్లో వాడి పక్కన కూర్చోవాల్సిందే, అదేం వాదించుకునే విషయం కాదు. ఇక మీరు ఎంత పెద్ద బొమ్మల సంచీ తీసుకెళ్ళినా వాడు ఆడేది వాటర్ బాటిల్ మూతతోనే.

గుత్తి కోట కనపడగానే మా ఆయన భాష మారిపోయింది. హైదరాబాద్లో "ఎక్కడున్నావ్" అనే మనిషి టీ కొట్టు దగ్గర "యాడుండావప్పా" అంటున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను, ఆయనే.

కళ్యాణదుర్గం దాటాక గాలిమరలు మొదలయ్యాయి. ఎర్రమట్టి, రాళ్ళ గుట్టలు, వాటి మీద తెల్లటి పెద్ద పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరుగుతూ. మావాడు కిటికీకి మొహం ఆనించి "ఫాను! ఫాను!" అని అరవడం మొదలుపెట్టాడు. ప్రతి ఒక్క ఫ్యానూ మాకు చూపించాడు. ఒక్కటి వదిలినా ఒప్పుకోలేదు. వాడి లెక్కలో ఈ లోకానికంతా ఉక్కపోస్తోంది, ఎవరో ఫ్యాన్లు పెట్టారు. మరీ తప్పేం కాదు.

ఈ నేల గురించి స్కూల్లో అందరం చదివాం. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి అని ఒక మార్కు ప్రశ్న. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘాల్ని అటే ఆపేస్తాయి, ఈశాన్య ఋతుపవనాల వానలు తూర్పు నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతాయి. కారులోంచి చూస్తే ఆ ఒక మార్కు ప్రశ్న చాలా పెద్దగా, వెడల్పుగా, కంటికి అందనంత దూరం పరుచుకుని ఉంటుంది.

ఇంటి ముందు జగిలి మీద, అంటే మా వైపు అరుగు, జేజి కూర్చుని ఉంది. చీర కొత్తది. పొద్దున్నుంచీ అక్కడే కూర్చుందట. చిన్నమామ, చిన్నత్త, పక్కింటి వాళ్ళు, ఎదురింటి వాళ్ళు, మొత్తం ఒక పదిహేను మంది. కారు తలుపు తీశాను. జేజి రెండు చేతులూ చాచింది. "రా నాయనా, జేజి కాడికి రా."

వాడు ఆమెను చూశాడు. నుదురు ఒక్కటే కాదు, మొత్తం మనిషి. చేతులున్నాయి, ముడతలున్నాయి, ముక్కుపుడక ఉంది, వాసన ఉంది. ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చాడు. నా మెడ పట్టుకుని దిగితే ఒట్టు.

కొత్త మొహం చూసి పిల్లలు బెదరడం ఎనిమిది తొమ్మిది నెలలకి మొదలై రెండేళ్ళ దాకా ఉంటుంది. అది వాడి తెలివి పెరుగుతోందనడానికి గుర్తు, మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తేడా తెలుస్తోందని. పిల్లల డాక్టర్ ఇవన్నీ ముందే చెప్పారు. కానీ పదిహేను మంది ముందు, పొద్దున్నుంచీ కొత్త చీర కట్టుకుని కూర్చున్న మనిషికి "జేజీ, ఇది వాడి తెలివి పెరుగుదలకి గుర్తు" అని ఎలా చెప్పాలి? ఎదురింటావిడ "ఫోన్ల మాట్లాడతాడంటిరి?" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేజి మాత్రం చేతులు మెల్లగా దింపేసి, "పోనీలేమ్మా, ఎండలో వచ్చినాడు. లోపలికి తోడుకోని పో" అంది. ఇంకేం అనలేదు.

తర్వాత ఆమె చేసిన పని ఏ పేరెంటింగ్ యాప్‌లోనూ నాకు దొరకలేదు. వాడి దగ్గరికి రాలేదు. పిలవలేదు. బొమ్మ చూపించలేదు, చాక్లెట్ చూపించలేదు. జగిలి మీద చాట ముందు పెట్టుకుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. చెనిక్కాయలంటే వేరుశనగ. పంట పీకే రోజులవి, ప్రతి ఇంటిముందూ కుప్పలే. ఒక కాయ నొక్కడం, టప్‌మని శబ్దం, గింజలు చాటలో గలగల. మళ్ళీ టప్, గలగల. వాడివైపు చూడను కూడా చూడలేదు. అరగంట తర్వాత వాడు నా ఒళ్ళోంచి దిగాడు. గడప దాకా వెళ్ళి ఆగాడు. ఇంకో టప్‌కి గడప దాటాడు. ఇంకో పది నిమిషాలకి చాటకి అవతలి వైపు కూర్చుని, ఒక కాయని రెండు చేతులతో నొక్కుతూ, రాక, మూలుగుతున్నాడు. జేజి ఆ కాయ తీసుకుని కొంచెం పగలగొట్టి మళ్ళీ వాడి చేతికే ఇచ్చింది. ఈసారి వాడు నొక్కితే టప్‌మంది. వాడు ఆమె మొహంలోకి చూసి నవ్వాడు.

రెండో రోజు పొద్దునకి ఆమె ఒళ్ళో ఉన్నాడు.

నాకు మాత్రం గుండె దడ అప్పుడే మొదలైంది. ఎందుకంటే ఆ గింజలు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి వేరుశనగ గింజ గింజలా పెట్టకూడదు. నమిలే పళ్ళు సరిగ్గా ఉండవు, నవ్వుతూనో ఏడుస్తూనో గాలి పీలిస్తే గింజ ఊపిరితిత్తుల దారిలోకి జారుతుంది. ఇది డాక్టర్లు ఊరికే భయపెట్టే మాట కాదు, పిల్లల శ్వాసనాళాల్లోంచి బయటికి తీసేవాటిలో వేరుశనగ గింజలు ముందు వరసలో ఉంటాయి. కానీ చెనిక్కాయలే జీవితమైన ఊళ్ళో, పంట ఇంటికొచ్చిన వారంలో, కోడలు వచ్చి "మా బాబుకి ఇవి పెట్టకండి" అంటే ఎలా ఉంటుంది? చిన్నత్త మొహం చూస్తే తెలిసింది. "మా ఇండ్లల్లో పిల్లోళ్ళంతా ఇవి తినే పెద్దైనారు గదమ్మా" అంది.

నేను వాదించలేదు. జేజి దగ్గర కూర్చుని, గింజ ఎక్కడ ఇరుక్కుంటుందో నా గొంతు మీద చూపించి చెప్పాను. "మీరు వేరుగా అనుకోవద్దు" అన్నాను. ఆమె నవ్వింది. "మీరంటే ఎంతమంది ఉండాము మేము? ఒక్కదాన్నే గదా ఉండేది." ఆ రోజు నుంచి ఆమెని నువ్వు అన్నాను, నోరు తిరగడానికి ఒక పూట పట్టింది. తర్వాత జేజి లేచి లోపలికి పోయి, వేయించిన గింజలు, బెల్లం వేసి రోట్లో మెత్తగా దంచి తెచ్చింది. ఒక్క పలుకు లేదు. వేలికి అద్ది వాడి నాలిక మీద పెట్టింది. వీధిలో ఎవరు గుప్పెడు గింజలు పట్టుకొచ్చినా "వానికి పొడి చేసి పెడతాండాములే, గింజ వొద్దు" అని ఆమే చెప్పేది. నేనింక నోరెత్తే అవసరం రాలేదు.

ఆ పొడి సంగతిలో జేజి తెలియకుండానే పెద్ద పరిశోధన పక్కన నిలబడింది. వేరుశనగ పడని పిల్లలు చాలా దేశాల్లో పెరిగిపోతున్నారని ఒకప్పుడు అక్కడి డాక్టర్లు అసలు పెట్టొద్దనేవారు. 2015లో లండన్లో లీప్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాక ఆ మాట తిరగబడింది. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకి నెలల వయసు నుంచే గింజ రూపంలో కాకుండా మెత్తగా పెడితే ఎలర్జీ బాగా తగ్గిందని తేలింది. మెత్తగా అన్నది ఇక్కడ ముఖ్యం. ఇప్పటికే గుడ్డుకో ఇంకోదానికో ఎలర్జీ ఉన్న పిల్లలైతే డాక్టర్ని అడిగాకే.

ఇంకో గొడవ బండిది. చిన్నమామ రెండో రోజే "పిల్లోన్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకోని ఊరంతా చూపిచ్చుకోని వస్తా" అన్నాడు. అది ఆయన ప్రేమ, నాకు తెలుసు. మా ఆయన్నీ అలాగే తిప్పాడట, ఆ కథ మూడుసార్లు విన్నాను. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం నాలుగేళ్ళలోపు పిల్లలని బండెక్కిస్తే నడిపేవాళ్ళకి కలిపి కట్టే బెల్టు ఉండాలి, పిల్లలకి సరిపడే హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఈ రూల్ చదివి వినిపిస్తే చిన్నమామ "ఇక్కడ పోలీసోళ్ళు యాడుండారు" అన్నాడు. పోలీసులు కాదు చిన్నమామా, గుంత ఉంది కదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, బండి స్టాండ్ వేసి, వాణ్ని సీటు మీద కూర్చోబెట్టి, ఇంటిముందే అరగంట "డుర్ర్‌ర్" అని శబ్దం చేశాడు. పక్క రోజు రాయదుర్గం వెళ్ళి చిన్న జీన్స్ ప్యాంటు తెచ్చాడు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు బోలెడు. ప్యాంటు నడుము దగ్గర రెండు మడతలు వేయాల్సి వచ్చింది. వాడు దాన్ని విప్పనివ్వలేదు.

నీళ్ళ దగ్గర నాకు కొంచెం సిగ్గేసింది. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల భూమిలో నీళ్ళకి ఫ్లోరైడ్ బెడద ఉంది, 1990లలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు జిల్లాలో వందల ఊళ్ళకి తాగునీటి పథకం కట్టింది అందుకే. తాగే నీళ్ళు కుళాయివో క్యానువో కనుక్కుని, వాడివి కాచి చల్లార్చి పట్టాం, అది పెద్ద పని కాదు. పనంతా స్నానం దగ్గర. హైదరాబాద్లో వాడి స్నానమంటే బకెట్టు బోర్లించడమే. ఇక్కడా అదే చేశాడు. ఎవరూ తిట్టలేదు. కానీ మర్నాడు చూస్తే చిన్నత్త వాడి టబ్బు తీసుకెళ్ళి పెరట్లో నిమ్మచెట్టు పాదులో పెట్టింది. "ఈడ ఎంతైనా పారబొయ్యనీమ్మా." వాడు రోజూ అక్కడే స్నానం చేశాడు. నిమ్మచెట్టు ఆ నాలుగు రోజులూ బాగా తాగింది.

మూడో రోజు భైరవానితిప్ప డ్యామ్‌కి వెళ్ళాం. అందరూ బీటీపీ అంటారు, ఈ మండలంలోనే ఉంది. వేదవతి నది మీద కట్టింది. హగరి అన్నా అదే నది. కర్ణాటకలో పుట్టి, హిరియూరు దగ్గర మైసూరు రాజులు 1907 నాటికి కట్టించిన వాణీవిలాస సాగర్‌లో ఆగి, ఏమైనా మిగిలితే ఇటొస్తుంది. మిగలడం అంత తేలిక కాదు. వాణీవిలాస సాగర్ 1933లో నిండి పొర్లాక మళ్ళీ పొర్లింది 2022లో. ఎనభై తొమ్మిదేళ్ళు. జేజి వయసు మొత్తం మధ్యలో పట్టేస్తుంది. హంద్రీ-నీవా కాలువ నీళ్ళు జీడిపల్లి నుంచి బీటీపీకి తెస్తామన్నది కూడా ఏళ్ళ నాటి మాట, ప్రతి ఎన్నికల్లోనూ వినపడుతుంది. మావాడు ఇవేవీ పట్టించుకోకుండా గట్టు మీద గులకరాళ్ళు ఏరి మా ఆయన జేబులు నింపాడు.

ఇప్పుడు పక్కింటి పాప గురించి చెప్పాలి. నిజానికి ఈ వారం రాద్దామనుకున్నది ఆ పాప గురించే, మిగతావన్నీ దారిలో తగిలాయి.

రెండున్నరేళ్ళుంటాయి. మేం వచ్చిన గంట నుంచే మా జగిలి మీద ఉంది. మావాణ్ని "తమ్మీ" అని పిలిచేది. వాడు నామాట వినడు, వాళ్ళ నాన్న మాట వినడు, ఆ పాప "తమ్మీ, బా" అంటే వెళ్ళేవాడు. బా అంటే కన్నడంలో రా అని, ఆ సరిహద్దులో సగం మాటలు అటివే. ఆ పాప ఉండేది వాళ్ళ అవ్వతో. అమ్మానాన్న బెంగళూరులో ఉన్నారు, బేల్దారి పని. నాన్న గోడ కడతాడు, అమ్మ ఇటుకలు, సిమెంటు అందిస్తుంది. ఉగాదికి, పీర్ల పండగకి వస్తారు.

ఆ వీధిలో ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అవ్వ, తాత, చిన్నపిల్లలు. మధ్య వయసువాళ్ళు కనపడరు. చెనిక్కాయ పంట చేతికొస్తే కొన్నాళ్ళు ఉంటారు, రాకపోతే బస్సెక్కుతారు. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. వలస ఆగాలనే. కొంత ఆగింది కూడా. కానీ ఆ పథకం కింద ఏడాదికి దొరికిన వంద రోజుల పని, బెంగళూరు మేస్త్రీ ఇచ్చే కూలి పక్కన పెట్టి చూస్తే ఆ బస్సులు ఎందుకు నిండుతాయో అర్థమవుతుంది.

"పాపను వెంట తీసుకెళ్ళకూడదా?" అని అడిగాను అవ్వని. "పోయినేడు తోడుకోని పోయినారమ్మా. ఇటికెల కాడ పడి తలకాయ పగిలె. ఆడ యాడ పెట్టుకుంటారు పిల్లను? ఇసుక్కుప్ప మీదనా?" అంది.

మా ఆఫీసులో మూడో అంతస్తులో క్రెష్ ఉంది. గోడల మీద ఏనుగులు, కింద మెత్తటి మ్యాట్లు. నేను మీటింగుల మధ్యలో వెళ్ళి వాణ్ని చూసొస్తాను. 2017లో ప్రసూతి సెలవుల చట్టానికి చేసిన సవరణ వల్ల 50 మంది, ఆపైన పనిచేసే సంస్థకి క్రెష్ ఉండాలన్నారు, అలా వచ్చింది అది. విచిత్రం ఏమిటంటే భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలోనూ అదే మాట ఉండేది, మనకంటే ఇరవై ఏళ్ళ ముందే. 50 మందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లల కోసం గది ఉండాలని, గాలీ వెలుతురూ ఉండాలని, చూసుకునే మనిషి ఉండాలని. లెక్క ఇద్దరికీ దాదాపు ఒకటే, యాభై. నా పేరు హెచ్ఆర్ రిజిస్టర్లో ఉంది. ఆ అమ్మ పేరు ఏ రిజిస్టర్లో ఉంది? మేస్త్రీ కింద మేస్త్రీ, వాడి కింద పదిమంది. ఒక్క చోట యాభై మంది ఆడకూలీలున్నట్టు కాగితం మీద ఎవరు చూపిస్తారు? నేను పనిచేసే బిల్డింగ్‌ని కట్టినప్పుడు కూడా ఏదో ఊళ్ళో ఒక పాప అవ్వ దగ్గర ఉండే ఉంటుంది, ఏనుగుల బొమ్మలు తర్వాత వేశారు.

రాత్రి ఎనిమిదికి ఆ ఇంట్లో ఫోన్ మోగుతుంది. అచ్చం మా ఇంట్లో మోగినట్టే. అవ్వ ఫోన్‌ని చెంబుకి ఆనించి నిలబెట్టింది. ఫోన్లో ఒక అమ్మాయి. నాకంటే చిన్నది, ఇరవై మూడో ఇరవై నాలుగో. జుట్టు మీద ఇంకా దుమ్ము. "ఏం తింటివి బంగారూ?" పాప మాట్లాడలేదు. "తమ్మి వచ్చినాడంట గదా?" పాప మాట్లాడలేదు. లేచి లోపలికి వెళ్ళి, తన చెప్పు ఒకటి తెచ్చి ఫోన్‌కి చూపించింది. వారు తెగిపోయింది. వేళ్ళ దగ్గర అరిగిపోయింది.

ఆ అమ్మాయి చెప్పు వైపు కాసేపు చూసి, "చాలడం లేదా?" అంది. తర్వాత అవ్వతో, "అత్తా, పాదం ఎంతుందో పేపర్ మీద గీసి ఫోటో పెట్టు. ఈడ కొని ఎవురితోనన్నా పంపిస్తా."

అవ్వ అంతకుముందు ఒకసారి అలాగే గీసి పంపిందట. వచ్చిన చెప్పులు బొటనవేలు కూడా దూరలేదు. ఫోటోలో పాదం ఎంత పెద్దదో ఎవరికి తెలుస్తుంది? నేను వెళ్ళి చిన్నత్త కుట్టుమిషను దగ్గర టేపు తెచ్చాను. పాపని గోడకి మడమ ఆనించి నిలబెట్టాం. చక్కిలిగిలికి వేళ్ళు ముడుచుకుంటోంది, మావాడు పక్కన తన పాదం కూడా పెట్టి తోస్తున్నాడు. పద్నాలుగున్నర సెంటీమీటర్లు. ఇంకో సెంటీమీటరు కలుపుకుని కొనమని వాయిస్ మెసేజ్ పెట్టాను. ఇంజనీరింగ్ డిగ్రీతో ఆ ఊళ్ళో నేను చేసిన పని అదొక్కటే.

అటునుంచి ఆ అమ్మాయి "పద్నాలుగున్నరా?" అని రెండుసార్లు అడిగింది. పోయిన ఉగాదికి ఎంతుండేదో ఆమెకి గుర్తున్నట్టుంది.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మా ఇంట్లో వీడియో కాల్ అంటే జేజి. సెలవు పెడితే, కారు తీస్తే, రెండు రోజుల్లో ఆమె ఒళ్ళో ఉంటాం. మేం ఎప్పుడంటే అప్పుడు. ఆ పాపకి వీడియో కాల్ అంటే అమ్మ. మనవాడు మొదటిరోజు జేజిని చూసి ఏడ్చినట్టు, ఆ పాప ఉగాదికి బస్సు దిగిన అమ్మని చూసి ఏడుస్తుందా? ఇది అవ్వని అడగడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆమే తర్వాతి రోజు మాటల్లో చెప్పింది. పోయినసారి తల్లి వచ్చినప్పుడు పాప రెండు రోజులు అవ్వ కొంగు వదల్లేదట. మూడో రోజు దగ్గరైంది. నాలుగో రోజు వాళ్ళు వెళ్ళాలి. తెల్లారుజామున, పాప లేవకముందే వెళ్ళారట.

మేం కూడా నాలుగో రోజే బయల్దేరాం. డిక్కీలో అరబస్తా చెనిక్కాయలు, ఒక సంచి బొరుగులు, ఊరుబిండి డబ్బా, జేజి దంచిన పొడి. వాడు మెలకువగా ఉన్నప్పుడే వెళ్దామని నేనే పట్టుబట్టాను. అందరికీ చెయ్యి ఊపించాను. ఏడ్చాడు, నా దగ్గరికి రానని జేజి మెడ పట్టుకుని ఏడ్చాడు. వచ్చినరోజు ఎంత గట్టిగా ఏడ్చాడో అంత గట్టిగా. ఎదురింటావిడ మళ్ళీ అక్కడే ఉంది. జేజి ఆవిడ వైపు ఒక చూపు చూసింది, ఆ చూపు ఫోటో తీయాల్సింది.

హైదరాబాద్ వచ్చాక వారం రోజులు పనిలో పడిపోయాం. ఇప్పుడు కాల్ వస్తే వాడు నుదురుకి ముద్దు పెట్టి ఊరుకోడు, ఫోన్ వెనక్కి తిప్పి చూస్తాడు. మిగతా జేజి ఎక్కడుందా అని. రెండు చేతులూ నొక్కి "టప్" అంటాడు. ఆమె అటునుంచి "టప్" అంటుంది.

మొన్న ఆదివారం కాల్లో జేజి వెనకాల పాప కనిపించింది. ఫోన్ కిందికి దించమన్నాను. ఎర్ర చెప్పులు, వెలుగుతున్నాయి, అడుగు వేస్తే లైటు వెలిగే రకం. నడుస్తుంటే మడమ దగ్గర టకటకమంటున్నాయి.

"కొంచెం వదులుగా ఉండాయి" అంది జేజి. "ఉగాదికి సరిపోతాయిలే."